మా తమ్మునికి మందు లేదు, మంది కావాలె

2022 ఎండకాలం. పొద్దు గూకుతున్నది. అమ్మ బర్లకు కుడితి పెట్టి వచ్చి చూసేసరికి తమ్ముడు ఇంట్ల లేడు. వానికప్పుడు 16 ఏండ్లు. బాపు చెరువు దిక్కు ఉరికిండు, నేను బండేసుకొని రోడ్డు దిక్కు పోయిన. గంటన్నర దేవులాడినం. ఆఖరికి వాడు నాకు దొరికింది ఫోన్ల. మండలం వాట్సాప్ గ్రూపుల ఒక వీడియో వచ్చింది. పక్కూర్ల యాప చెట్టుకు కట్టేసి ఉన్నడు మా తమ్ముడు. చుట్టూ ఇరవై మంది. కింద "దొంగ దొరికిండు, అందరికీ షేర్ చేయండి" అని రాసి ఉంది.

అసలు జరిగింది ఏందంటే, ఒకరి వాకిట్ల కూలరు తిరుగుతున్నది. తిరిగే వస్తువు కనవడితే మా తమ్మునికి పానం ఆగది. లోపటికి పోయి దాని ముంగట కూసున్నడు. ఇంటాయన వచ్చి "ఎవలురా నువ్వు?" అన్నడు. వీడు గూడ "ఎవలురా నువ్వు?" అన్నడు. "నీ పేరేంది?" అంటె "నీ పేరేంది?" అన్నడు. ఎటకారం చేస్తుండనుకొని రెండు దెబ్బలు ఏసిండ్రు. వాడు ఎటకారం చెయ్యలే. విన్న మాటను మళ్ల అనుడే వానికి వచ్చిన మాట. ఆటిజం ఉన్న మస్తు మంది పిల్లలు గట్లనే మాట్లాడుతరు.

మా బడి సారు ఒకాయన ఆ తొవ్వల పోతూ గుర్తువట్టి కట్లు విప్పించిండు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తల్సుకోబుద్ధి గాదు. 2018 మే నెలల పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వాట్సాప్‌ల పుకార్లు లేసినప్పుడు మన రాష్ట్రంల అమాయకుల మీద దాడులు జరిగినయి, పానాలు గూడ పోయినయి. అది యాదిల ఉన్నోళ్లకు నా భయం సమజైతది.

ఆ రాత్రి అమ్మ ఒకటే మాట అన్నది. "ఇన్నేండ్లు మన ఇంట్లనే దాసిపెట్టుకున్నం బిడ్డా. పక్కూరోళ్లకు వీడెవలో ఎట్ల తెలుస్తది?"

మా గ్రూపు ఆ మాటకెల్లే పుట్టింది. నెలకొక్కసారి, రెండో ఆదివారం, ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నలం మండలంల ఒక్కకాడ కూసుంటం. దాన్ని నడిపే పని నేను మీదేసుకున్న. నేను డాక్టర్‌ను గాదు, టీచర్‌ను గాదు. డిగ్రీ చదివి మీసేవ సెంటర్‌ల ఆపరేటర్‌గా చేస్తున్న. గసొంటి దాన్ని నేను ఏం జేయగలిగిన, యాడ తప్పు జేసిన, మీ ఊర్ల మీరు మొదలువెట్టాలంటె ఏం దెల్సుండాలె అనేది చెప్దామనే ఇది రాస్తున్న.

ఆటిజం అంటే ఏంది

ఇది రోగం గాదు, అంటుకునేది గాదు, గాలి సోకింది అసలే గాదు. మెదడు ఎదిగే తీరుల ఉండే తేడా. పుట్టుకతోనే ఉంటది. మందితోని కలిసుడు, మాట్లాడుడు కష్టమైతది. చేసిన పనే మళ్ల మళ్ల చేసుడు, ఒక్క వస్తువు మీదనే పానం వెట్టుడు, చప్పుడు, వెలుగు, ముట్టుకునుడు అందరికంటె ఎక్కువగనో తక్కువగనో తాకుడు ఉంటయి. మా తమ్ముడు పెరుగన్నం తప్ప ఏం ముట్టడు. డీజే మోగితే చెవులు మూసుకొని మంచం కింద దూరుతడు. గదే వాడు మా ఊరి మీదికెల్లి పోయే ప్రతి బస్సు నంబరు చెప్తడు.

అందరు ఒక్కతీరుగ ఉండరు. కొందరు పెద్ద చదువులు చదివి నౌకర్లు చేస్తరు. కొందరికి అంగీ తొడుక్కునుడు గూడ ఒకరు చూపియ్యాలె. అందుకే డాక్టర్లు దీన్ని ఒక వరుస లెక్క చూస్తరు, ఒక్క గీత గీసి ఇటు అటు అని విడదీయరు.

చిన్నప్పుడే కనవడే గుర్తులు కొన్ని ఉంటయి. ఏడాది నిండినా పేరు వెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవుడు. వేలు చూపి "అగో అది" అన్నట్టు అడగకపోవుడు. 16 నెలలకు ఒక్క మాట గూడ రాకపోవుడు. రెండేండ్లకు రెండు మాటలు కలిపి అనకపోవుడు. వచ్చిన మాటలు ఏ వయసులనైనా పోవుడు. ఇండ్ల ఒక్కటి ఉంటే ఆటిజమే అని గాదు. కని చూపియ్యాలె, ఆగొద్దు. "వాళ్ల తాత గూడ నాలుగేండ్లకే మాట్లాడిండు" అనే మాట మన ఊర్లల్ల ఎంతమంది పిల్లల కాలం తిన్నదో లెక్క లేదు. మా తమ్మునికి ఆటిజమని తెలిసేసరికి వానికి 8 ఏండ్లు.

తప్పు అమ్మల మీదికి ఎట్ల వచ్చింది

మా ఇంట్ల అందరికంటె ఎక్కువ మాటలు పడ్డది అమ్మ. కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం చూసిందన్నరు. బీడీలు చేసుకుంట పిల్లగాన్ని చూసుకోలేదన్నరు. చదువులేనోళ్లే గట్ల అంటరనుకున్న. చదివినంక తెలిసింది, పెద్ద పెద్ద డాక్టర్లు గూడ గదే అన్నరని.

1943ల అమెరికాల లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి వివరంగ రాసిండు. తర్వాత కొన్నేండ్లకు అక్కడ ఒక వాదం బలపడ్డది. తల్లి ప్రేమ చూపియ్యకపోతేనే పిల్లలు గిట్ల అయితరని. బ్రూనో బెటెల్‌హైమ్ అనేటాయన 1967ల దాని మీద పెద్ద పుస్తకమే రాసిండు. మస్తు మంది తల్లులు ఆ నింద మోసిండ్రు.

దాన్ని విరగ్గొట్టింది ఎవలో తెలుసా? ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ సైకాలజీ చదివినోడు, ఆయన కొడుకుకు ఆటిజం. ఇది తల్లి తప్పు గాదు, శరీరంలనే ఉన్న తేడా అని 1964లనే పుస్తకం రాసిండు. 1965ల తల్లిదండ్రులను ఒక్కతాన కూడగట్టి సంఘం పెట్టిండు. అంతకు ముందే 1962ల లండన్‌ల ఆటిజం పిల్లల అమ్మానాన్నలు సంఘం పెట్టుకున్నరు. అందుల ఉన్న లోర్నా వింగ్ డాక్టరు, ఒక ఆటిజం బిడ్డకు తల్లి గూడ. మన దేశంల 1991ల ఢిల్లీల మెర్రీ బరువా అనే తల్లి తన కొడుకు కోసం దేవులాడి, ఏం దొరకక, యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ మొదలువెట్టింది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, ఆటిజం విషయంల బడులు, చట్టాలు, పరిశోధనలు ఏవి వచ్చినా వెనుక ముందుగాల నలుగురు అమ్మానాన్నలు ఒక గదిల కూసున్నరు. ఆ గది మన మండలంల గూడ ఉండొచ్చు.

మిగిలినోళ్లు ఏడున్నరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021ల ప్రతి 127 మందిల ఒకరికి ఆటిజం ఉంది. 50 వేల జనం ఉన్న మండలమనుకోండి. ఆ లెక్కన 390 మంది దాకా ఉండాలె, పిల్లలు పెద్దలు కలిపి. మాకు తెలిసినోళ్లు 11 ఇండ్లు. మిగిలినోళ్లు ఏడున్నరు? "మొండోడు", "పిస్సోడు", "మూగోడు", "ఎవలతోని కలవడు" అనే పేర్ల కింద ఉన్నరు. కొందరు తలుపుల ఎనుక ఉన్నరు.

దాసుడుకు కారణం ఒక్క సిగ్గు గాదు. ఇంట్ల పెండ్లి కావాల్సిన ఆడివిల్ల ఉంటది. నా సంగతే చెప్త. రెండు సంబంధాలు మా తమ్ముని చూసి ఎనుకకు పోయినయి. ఒకాయనైతే మొఖం మీదనే "మీ వంశంల ఉందా ఇది?" అని అడిగిండు. ఆటిజంల జన్యువుల పాత్ర ఉన్న మాట నిజమే, దాన్ని నేను దాయ. కాని తమ్ముని దాసి చేసుకునే పెండ్లి నాకెందుకు? ఇది నేను తేల్చుకున్న మాట. వేరే ఇండ్లల్ల అమ్మానాన్నల గుబులు నాకు తెలుసు, వాళ్లను తప్పువట్ట.

మొదటి మీటింగుకు ఎవ్వలు రాలే

అప్పట్ల మీసేవల కూసుంటె సదరం క్యాంపుకు స్లాటు కోసం వచ్చే అమ్మలు కనవడుతుండిరి. మండల కేంద్రంల భవిత సెంటర్ ఉంది. సర్కారు బడి ఆవరణల, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే గది అది. అక్కడి మేడంను అడిగి, బడి హెడ్మాస్టర్ సారు పర్మిషన్ తీసుకొని, ఆదివారం ఆ గది దొరకవట్టిన. ఆటిజం సదస్సు అని కాయితం కొట్టిచ్చి గోడలకు అతికిచ్చిన. 20 కుర్చీలు ఏసిన. నేను, అమ్మ, భవిత మేడం తప్ప నరమానవుడు రాలే.

తర్వాత ఒక తల్లి చెప్పింది. "సదస్సు అంటె మైకుంటది, ఫొటోలు తీస్తరు, మా పిల్లగాన్ని నిలవెట్టి చూపిస్తరు అనుకున్నం చెల్లే."

గప్పుడు సమజైంది. గోడకు అతికిచ్చిన కాయితం చూసి ఎవలు రారు. ఇంటికి పోవాలె. ఆశా అక్కను, అంగన్‌వాడీ టీచర్‌ను పట్టుకున్న. ఏ ఇంట్ల ఎవలున్నరో వాళ్లకు తెలుసు. కాని ఏ ఇంటికీ సక్కగ పోలే. ఆశా అక్క ముందు వాళ్లను అడిగి, సరే అన్నంకనే పోయిన. పోయి వాళ్ల పిల్లగాని గురించి అడుగలే. మా తమ్ముని గురించి చెప్పిన. చెట్టుకు కట్టేసిన సంగతి చెప్పిన. ఆ మాట ఇన్నంక మూడిండ్ల వాళ్లు ఏడ్చిండ్రు. రెండో మీటింగుకు నాలుగు కుటుంబాలు వచ్చినయి.

ఆ గదిల ఏం జేస్తం

పెద్ద ముచ్చటేం గాదు. చాయ్ తాగుతం. కింద సాప ఏసి గుండ్రంగ కూసుంటం, కుర్చీలు తీసేసినం. పిల్లలు అదే గదిల ఒక మూలకు ఆడుకుంటరు. ఒకరు అరిచినా, ఉరికినా, అంగీ ఇడిసినా ఎవలు ఎవల దిక్కు గుర్రుగ చూడరు. ఒక తల్లి అన్నది, పెండ్లికి పోయి ఏడేండ్లయితుందట. "సారీ చెప్పకుంట గంట సేపు కూసున్నది ఇయ్యాల్నే" అన్నది. ఆ ఒక్క మాట చాలు నాకు.

గంటన్నరను మూడు భాగాలు చేసుకున్నం. మొదటి అరగంట ఎవల కష్టం వాళ్లు చెప్పుకునుడు. రెండో అరగంట ఒక్క విషయం నేర్చుకునుడు. ఆఖరి అరగంట కాయితాలు.

నేర్చుకునే విషయాలు ఇంట్ల పనికొచ్చేటియి. ఒక ఉదాహరణ చెప్త. నీళ్లు కావాలంటే తల బాదుకునే పిల్లగాడు ఉన్నడు. వాళ్లమ్మ అట్టముక్క మీద చెంబు ఫొటో అతికిచ్చింది. అది చేతికి ఇచ్చినప్పుడల్ల వెంటనే నీళ్లు ఇచ్చింది. మొదట్ల వాని చెయ్యి వట్టి ఇప్పిచ్చింది. మూడు వారాలకు వాడే అట్ట తెచ్చి ఇచ్చిండు. తల బాదుకునుడు తగ్గింది. బొమ్మలు వాడితే మాటలు రావని కొందరు భయపడుతరు. గది ఉత్తదే. అడిగే తొవ్వ ఏదో ఒకటి దొరికితే పిల్లలకు కోపం తగ్గుతది, మాటకు గూడ అడ్డం రాదు.

ఇంకోటి, రేపు జరిగేది ముందే చెప్పుడు. అంగడికి పోతం, బస్సు ఎక్కుతం, ఇంటికి వస్తం అని మూడు బొమ్మలు వరుసగ గోడకు పెడితే పిల్లలు ఆగమాగం గారు. అనుకోకుంట జరిగేదే వాళ్లకు ఎక్కువ భయం.

డాక్టర్లు కానోళ్లు గివన్ని చెప్పొచ్చా అని మీకు అనుమానం రావొచ్చు. నాకూ వచ్చింది. గోవాల, పాకిస్తాన్ రావల్పిండిల 65 మంది ఆటిజం పిల్లల మీద ఒక పరిశోధన జరిగింది, 2016ల అచ్చయింది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ తీసుకొని, పిల్లలతోని ఎట్ల మెలగాలో అమ్మానాన్నలకు నేర్పిండ్రు. అమ్మానాన్నలు పిల్లల తీరును వట్టి స్పందించుడు మెరుగైంది, పిల్లలు తమంత తాము పలకరిచ్చుడు పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ ఇంట్లోళ్లకు నేర్పే శిక్షణ ఒకటి తయారు చేసింది. అందుల 9 సార్లు గుంపుగ కూసునుడు, 3 సార్లు ఇంటికి వచ్చుడు ఉంటది. ఇక్కడ ఒక మాట మర్చిపోవద్దు. వాళ్లు శిక్షణ తీసుకున్నోళ్లు, మీద ఒకరు చూసుకుంట ఉన్నరు. మనం తెలిసినోళ్ల దగ్గర నేర్చుకున్నదే చెప్పాలె, సొంత తెలివి వాడొద్దు.

నేను జేసిన తప్పులు

మొదటి తప్పు, డాక్టర్ లెక్క మాట్లాడుడు. ఒకామె రెండేండ్ల బిడ్డను తెచ్చి చూపిస్తే "ఇది ఆటిజమే" అన్న. ఆమె వారం రోజులు తిండి తినలే. పరీక్ష చేపిస్తే ఆ బిడ్డకు చెవులు సరిగ వినవడుత లేవని తేలింది. మాట రాని ప్రతి బిడ్డకు ముందుగాల చెవుల పరీక్ష చేపియ్యాలని గప్పుడు నేర్చుకున్న. ఇయ్యాల నా నోటికెల్లి "ఆటిజం ఉంది" గాని "లేదు" గాని రాదు. ఏడ చూపియ్యాల్నో చెప్త, తోడు పోత.

రెండో తప్పు, ఫొటోలు. ఒక పండుగ నాడు పిల్లల ఫొటోలు స్టేటస్‌ల పెట్టిన, సంతోషంతోనే. ఒక తండ్రి ఫోన్ చేసి మస్తు తిట్టిండు. ఆయన తిట్టిందే న్యాయం. మా తమ్ముని వీడియో ఊరంతా తిరిగితే ఏడ్చిన దాన్ని, నేనే గా పని చేసిన. ఇప్పుడు మా గదిల ఫొటోలు బంద్. గదిల చెప్పుకున్న ముచ్చట గది దాటొద్దు.

మూడో తప్పు, అన్ని నేనే చేసుడు. ఫోన్లు, స్లాట్లు, చాయ్, తాళం చెయ్యి. ఒక తల్లి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "పిల్లగాన్ని తీసుకొని బాయిల దుంకుత" అన్నది. రాత్రంత మాట్లాడుకుంట కూసున్న. తెల్లారి నేను పని చేసే తాన సొమ్మసిల్లిన. రెండు నెలలు మీటింగు ఆగిపోయింది. గట్లాంటి ఫోన్ వస్తే ఒక్కళ్లే మొయ్యొద్దు. వెంటనే వాళ్లింట్లనో పక్కింట్లనో మనిషిని లేపాలె, పానం మీదికి వస్తే 112కు చెయ్యాలె. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీమానస్ ఉంది, నంబరు 14416, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఇప్పుడు మా గ్రూపుల తాళం చెయ్యి ఒకరి దగ్గర, చాయ్ ఒకరి వంతు, ఫోన్లు ముగ్గురం పంచుకున్నం. నేను లేకున్నా రెండో ఆదివారం ఆ గది తెరుచుకోవాలె. లీడర్ పని గదే అని నాకు ఆలస్యంగ తెలిసింది.

కాయితాల ముచ్చట

మా తమ్ముని 2014ల సికింద్రాబాద్ బోయిన్‌పల్లిల ఉన్న జాతీయ సంస్థకు తీసుకపోయినం. 1984ల పెట్టింది అది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటరు. జూబ్లీ బస్టాండ్ల దిగితే దగ్గర్నే. అక్కడ్నే మొదటిసారి ఆటిజం అనే మాట విన్నం. కాని అప్పటి 1995 చట్టంల 7 రకాల వైకల్యాలే ఉండె, అందుల ఆటిజం లేదు. సర్టిఫికెట్ మీద బుద్ధిమాంద్యం అని రాసిండ్రు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చినంక ఆ 7 కాస్తా 21 అయినయి. ఆటిజం దాని పేరుతోనే చేరింది. 2017 ఏప్రిల్ నుంచి అది అమలుల ఉంది.

ఈ వరుస మీరు తెలుసుకొని పెట్టుకోండి, ఎవలైనా అడిగితే చెప్పనీకి.

అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు వస్తరు. 2013 నుంచి నడుస్తున్నది. అనుమానం ఉన్న పిల్లలను వాళ్లు జిల్లా దవాఖానల ఉండే డీఈఐసీ అనే కేంద్రానికి పంపుతరు. అక్కడ చూపిచ్చుకునుడుకు పైసలు పెట్టక్కరలే.

సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు ఐసా అనే స్కేలుతోని చూస్తరు. అందుల 40 అంశాలుంటయి. అమ్మను గూడ ప్రశ్నలు అడుగుతరు. ఇంట్ల పిల్లగాడు చేసే పనులు ముందే కాయితం మీద రాసుకొని, ఫోన్ల రెండు మూడు వీడియోలు తీసుకొని పోతే మంచిది. కొత్త జాగల పిల్లలు బిగుసుకపోతరు, డాక్టరుకు ఏం కనవడది. 40 శాతం, ఆ పైన ఉంటేనే ఎక్కువ పథకాలు వర్తిస్తయి. దేశమంత చెల్లే యూడీఐడీ కార్డు తీసుకోవాలె. మన రాష్ట్రంల వికలాంగుల పింఛన్‌ను 2023ల 3,016 నుంచి 4,016 చేసిండ్రు.

బడి విషయానికి వస్తే, 40 శాతం, ఆ పైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచితంగ చదివిచ్చుడు సర్కారు బాధ్యత. సర్కారు గుర్తింపు ఉన్న ఏ బడైనా వైకల్యం వంక వెట్టి చేర్చుకోమని అనరాదు. చట్టంల రాసి ఉంది. మా గ్రూపుల ఒక పిల్లను ఒక ప్రైవేటు బడి "మిగిలినోళ్ల చదువు ఖరాబైతది" అని ఎల్లగొట్టింది. ఐదుగురు తల్లులు కలిసి ఆ సెక్షన్ జిరాక్సు వట్టుకొని పోతే మళ్ల తీసుకున్నరు. ఒక్క తల్లి పోయినప్పుడు వాచ్‌మన్ గేటు గూడ తియ్యలే.

ఆటిజం ఉన్నోళ్లకు నేషనల్ ట్రస్ట్ అనే 1999 చట్టం గూడ ఉంది. దాని కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తది. థెరపీ ఖర్చులకు గూడ వాడుకోవచ్చు. మా తాన ఆ పేరు ఇన్నోళ్లే లేరు.

మాయ చేసేటోళ్లు వస్తరు

నాలుగు కుటుంబాలు ఒక్కకాడ చేరితే అమ్ముకునేటోళ్లకు వాసన వస్తది. ఒకాయన కార్ల వచ్చి "మూల కణాల సూదులు ఇప్పిస్తం, ఆటిజం పోతది, లక్షల్ల ఖర్చు, మీకైతే తక్కువకు" అన్నడు. ఒక తండ్రి ఎకరం బేరం పెట్టనీకి గూడ తయారైండు. 2022ల జాతీయ వైద్య కమిషన్ నైతిక బోర్డు ఆటిజంకు ఈ సూదులు సిఫారసు చెయ్యొద్దు, చేస్తే వృత్తి తప్పిదమే అని చెప్పిన ముచ్చట ఆయనకు చూపిచ్చినం. ఆ ఎకరం మిగిలింది. ఆటిజంను పోగొట్టే మందు ఇప్పటి దాకా లేదు. మూర్ఛలు, నిద్ర లేకపోవుడు, బాగ రెచ్చిపోవుడు అసొంటి వాటికి డాక్టర్లు మందులు రాస్తరు, అది వేరే ముచ్చట.

టీకాలతోని ఆటిజం వస్తదనే మాట గూడ ఊర్లల్ల తిరుగుతున్నది. అది 1998ల ఇంగ్లండ్ డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతోని లేసింది. అది తప్పుల తడకని తేలి 2010ల ఆ పత్రిక దాన్ని రద్దు చేసింది, ఆయన డాక్టరు పట్టా గూడ పోయింది. డెన్మార్క్‌ల 6 లక్షల 57 వేల మందికి పైన పిల్లలను చూసి 2019ల చెప్పిండ్రు, తట్టు టీకాతోని ఆటిజం రాదని. టీకా మానేస్తే ఆటిజం ఆగది, తట్టు మాత్రం వస్తది.

తాయెత్తు కట్టుకునేటోళ్లను నేను ఆపను. మా అమ్మ గూడ కొండగట్టుకు మొక్కుతది. కాని తాయెత్తు కట్టినమని పరీక్ష ఆపొద్దు. కొరడాతోని కొట్టుడు, పొగ వెట్టుడు, ఉపాసం ఉంచుడు అంటే మాత్రం నేను ఊకుండ.

"మా ఎనుక ఎవలు?"

ప్రతి మీటింగుల ఏదో ఒక గొంతు అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు నా దగ్గర సగమే ఉంది.

2024ల మా తమ్మునికి 18 నిండినయి. 18 దాటినంక చట్టం ముందు అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారని మాకు అప్పటిదాకా తెలువది. బ్యాంకు కాడ ఆగిపోయినంక తెలిసింది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాల కలెక్టర్ తాన ఒక స్థానిక కమిటీ ఉంటది. దానికి దరఖాస్తు పెట్టి సంరక్షకుని నియమించుకోవచ్చు. అందరికీ అవసరం రాకపోవచ్చు, సొంతంగ నిర్ణయం తీసుకోగలిగినోళ్లకు ఆ హక్కు ఉండాలె. మా వానికి అవసరమైంది. కాయితం మీద బాపు పేరు రాసిండ్రు. బాపు తర్వాత నేను అని ఇంట్ల అనుకున్నం.

ఇది కాయితం జవాబు. మిగిలిన సగం ఊరు చెప్పాలె. నేను ఒక్కదాన్ని వాని ఎంబడి ఎన్నేండ్లు ఉరుకుత? వాడు తప్పిపోతే "వీడు ఫలానోళ్ల పిల్లగాడు, భయపడకుండ్రి" అని చెప్పేటోళ్లు ప్రతి ఊర్ల నలుగురు ఉండాలె. అందుకే పోయిన ఏడాది వాన్ని చెట్టుకు కట్టేసిన ఊరికి మేమే పోయినం. వాన్ని తోడుకొని పోయినం. యూత్ సంఘం పిల్లలతోని అరగంట కూసున్నం. ఎవలను తిట్టనీకి పోలే. వాడు వాళ్లకు బస్సు నంబర్లు అన్ని చెప్పిండు. ఒక పిల్లగాడు తల వంచుకొనే ఉన్నడు. వీడియో తీసింది ఆ పిల్లగాడేనేమో అనుకున్న, అడుగలే.

ఈ వానకాలం వాడు మళ్ల ఒకసారి తప్పిపోయిండు. నలభై నిమిషాల్ల ఫోన్ వచ్చింది, అదే ఊరికెల్లి. "అక్కా, మీ తమ్ముడు మా కూలరు కాడ ఉన్నడు. అన్నం పెట్టమంటవా?" అని. "పెరుగుంటే పెట్టు తమ్మీ" అన్న.

మీరు జెయ్యగలిగేది

గ్రూపు నడపాలంటె పెద్ద చదువు అక్కరలే. ఒక గది, ఒక సాప, నెలకొక రోజు, నోరు తక్కువ వాడే ఓపిక ఉంటే చాలు. మీ ఇంట్ల ఆటిజం ఉన్నోళ్లు లేకున్నా సాయం పట్టొచ్చు. మీటింగు నడిచే గంటన్నర పిల్లలను ఆడించుండ్రి. స్లాటు బుక్ చేసుడు, ఫారం నింపుడు మీ ఫోన్ల పది నిమిషాల పని, ఆ తల్లికి అది ఒక రోజు కూలి. ఆటిజం ఉన్నోళ్లలో మాట్లాడగలిగినోళ్లు ఉంటే వాళ్లనే ముందు అడుగుండ్రి ఏం కావాల్నో.

ఊర్ల కొత్త మనిషి ఎవలన్న కనవడి, అడిగిన మాటే తిరిగి అంటే, కండ్లల్లకు చూడకపోతే, చేతులు ఊపుకుంట ఉంటే, చెయ్యి ఎత్తకుండ్రి, చుట్టూ మూగకుండ్రి. నెమ్మదిగ చిన్న మాటలతోని మాట్లాడి, 112కు ఫోన్ చెయ్యుండ్రి. ఆటిజం పిల్లలు తప్పిపోయిండ్రని తెలిస్తే ముందుగాల బాయి, చెరువు, కాలువ దిక్కు ఉరుకుండ్రి. వాళ్లల్ల శానామందికి నీళ్లంటే పానం, లోతు తెలువది.

ఆఖరిగ ఒక్కటి. వీడియో వచ్చినప్పుడు షేర్ బటన్ మీదికి ఏలు పోయే ముందు ఒక్క క్షణం ఆగుండ్రి. ఆ చెట్టుకు కట్టేసి ఉన్నోనికి ఒక అక్క ఉంటది. ఆమె గూడ గదే గ్రూపుల ఉంటది.